మందీలో ఇల్లు: అడిగే ధర, పలికే ధర

గుంటూరు యార్డులో దిగిన మిర్చి టిక్కీకి ఆ రోజు ధర సాయంత్రంలోగా తేలిపోతుంది. విత్తనానికి ఎంత పోశాడు, పురుగుమందుకు ఎంత పెట్టాడు అని రైతును ఎవరూ అడగరు. కొనేవాడు మచ్చు చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, రేటు చెబుతాడు. నచ్చితే కాటా, నచ్చకుంటే కోల్డ్ స్టోరేజి. ఈ పద్ధతిలో పుట్టి పెరిగిన వ్యాపారి సైతం తన సొంత ఫ్లాటు అమ్మకానికి పెట్టేసరికి రైతుకన్నా ఎక్కువగా పాత ఖర్చులు వల్లిస్తాడు. "మేము కొన్నదే ఎనభై అయిదు లక్షలకు" అన్న మాటతో బేరం మొదలవుతుంది. మందీ బజారులో చాలా బేరాలు అక్కడే ముగుస్తాయి కూడా.

తేజీలో ఈ మాట వల్ల పెద్ద నష్టం లేదు. ఆరు నెలలు ఆలస్యమైనా బజారే పైకి వచ్చి అడిగిన ధరను అందుకుంటుంది. అమ్మకందారు తన పట్టుదలే గెలిచిందనుకుంటాడు. మందీలో సంగతి తలకిందులు. అతను దిగేలోగా బజారు ఇంకో మెట్టు దిగుతుంది. మూడు నెలలకు రెండు లక్షలు తగ్గించేవాడు ప్రతిసారీ బజారుకు ఒక మెట్టు వెనుకనే ఉంటాడు. తగ్గిస్తున్నాడు గనుక ఇంకా తగ్గిస్తాడని కొనేవాడు ఆగుతాడు.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఒక కమీషను వ్యాపారి 85 లక్షలకు కొన్న 1500 చదరపు అడుగుల ఫ్లాటును అమ్మదలచాడనుకుందాం. బజారులో అతనికి 40 లక్షల అప్పు ఉంది, వడ్డీ నూటికి నెలకు రూపాయిన్నర. ఫ్లాటు ఖాళీగా ఉంది, అడుగుకు 3 రూపాయల చొప్పున మెయింటెనెన్సు నెలకు 4,500. అతను 90 అడిగాడు. మొదటి నెలలోనే ఒకరు 73 లక్షలిస్తామన్నారు. కోపం వచ్చి పంపేశాడు. 14 నెలల తరువాత 68 లక్షలకు అమ్ముకున్నాడు. చూసేవారికి నష్టం 5 లక్షలు. అయితే నెలకు 60,000 చొప్పున 14 నెలల వడ్డీ 8 లక్షల 40 వేలు, మెయింటెనెన్సు 63 వేలు. మొత్తం 14 లక్షల 3 వేలు చేజారింది.

ఇప్పుడు అతని ఆశే ఫలించిందనుకుందాం. 14 నెలల తరువాత కొన్న ధర 85 లక్షలే వచ్చింది. 73 మీద లాభం 12 లక్షలు. అందులో వడ్డీ, మెయింటెనెన్సు కలిపి 9 లక్షల 3 వేలు తీసివేస్తే మిగిలేది 2 లక్షల 97 వేలు. మూడు లక్షలకు లోపు లాభం కోసం పద్నాలుగు లక్షల నష్టానికి తలవొగ్గడం ఏ సరుకులోనైనా ఈ వ్యాపారి చేస్తాడా? పోగా, మొదటి నెలలో అమ్మి ఉంటే అప్పు తీరి చేతిలో 33 లక్షలు మిగిలేవి. ఆ సొమ్ము ఒక సీజనంతా యార్డులో తిరిగేది. ఆ లెక్క ఇక్కడ కలపనే లేదు.

వ్యాపారికి లెక్క తెలియదని కాదు. అసలు అడ్డు పరపతి. ఫలానావారు ఇల్లు అమ్ముతున్నారంటే బజారులో మొదట పుట్టే ప్రశ్న ధర గురించి కాదు, బాకీల గురించి. నష్టానికి అమ్మారంటే మర్నాడు పొద్దున్నే బాకీదారు గుమాస్తా షాపు ముందు నిలబడతాడు. అందువల్ల అవసరం లేదన్నట్టు కనపడడానికి ఎక్కువ ధర చెప్పడం ఒక రక్షణగా మారింది. "వస్తే ఇస్తాం, లేకుంటే ఉంచుకుంటాం" అనే మాట అలా పుట్టిందే. ఈ ముసుగు ఎంతోకాలం నిలవదు. తాళం వేసిన ఫ్లాటు ఏడాదిగా అమ్మకానికి ఉందంటే బజారుకు చెప్పవలసింది చెప్పినట్టే. పైగా వడ్డీ రెండు వాయిదాలు తప్పితే పోయే పరపతి, ఇల్లు తక్కువకు అమ్మి బాకీ నగదుగా కట్టేసినప్పుడు పోయే పరపతికన్నా చాలా ఎక్కువ. పాత తరం షాహుకార్లు కొందరు ఇల్లమ్మిన వారంలోనే బాకీదార్లందరినీ పిలిచి నోట్లు వెనక్కి తీసుకునేవారు. తరువాతి సీజనుకు వారికే ముందుగా అప్పు పుట్టేది.

కొన్న ధరను పట్టుకు వేలాడడం తెలుగువారి ఒక్కరి జబ్బే కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1989 నుంచి 1992 వరకు ఫ్లాట్ల ధరలు నూటికి 40 వరకు పడిపోయాయి. ఆ దశాబ్దపు అమ్మకాలను డేవిడ్ జెనసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. నష్టంలో ఉన్న అమ్మకందార్లు, వచ్చే ధరకూ తాము కొన్న ధరకూ మధ్య ఉన్న తేడాలో నూటికి 25 నుంచి 35 వంతుల మేర తమ అడిగే ధరను పెంచారు. చివరకు అదనంగా దక్కింది ఆ తేడాలో నూటికి 3 నుంచి 18 మాత్రమే. అమ్మడానికి పట్టిన కాలం మాత్రం బాగా పెరిగింది. ఇంట్లో కాపురమున్నవారిలో ఈ పట్టుదల పెట్టుబడిదార్లకు రెట్టింపు కనిపించింది, అయితే పెట్టుబడిదార్లూ దీనికి అతీతులు కారు. పై ఉదాహరణకు అన్వయిస్తే 73కూ 85కూ తేడా 12 లక్షలు. బోస్టన్ లెక్కన అదనపు ప్రాప్తి 36 వేల నుంచి 2 లక్షల 16 వేల దాకా. రూపాయిన్నర వడ్డీ నాలుగు నెలలు నడిస్తే అందులో పెద్ద అంకె కూడా హరించుకుపోతుంది.

కొనేవాడి వైపు నుంచి చూడడం ఇంకా అవసరం. ఇవాళ ఫ్లాటు కొనేవారిలో చాలామంది బ్యాంకి అప్పు మీద వచ్చేవారే. బ్యాంకి తన మదింపుదారు చెప్పిన విలువనే చూస్తుంది గాని అమ్మకందారు మనోభావం చూడదు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణానికి రిజర్వు బ్యాంకి నిబంధన ప్రకారం విలువలో నూటికి 80 మించి ఇవ్వరాదు. మదింపు 72 లక్షలైతే అప్పు 57 లక్షల 60 వేలు. ధర 73 అయితే కొనేవాడు చేతి నుంచి 15 లక్షల 40 వేలు తేవాలి. ధర 90 అయితే 32 లక్షల 40 వేలు. ఎక్కువ చెప్పిన ప్రతి రూపాయీ కొనేవాడి జేబులోంచే రావాలి. రిజిస్ట్రేషను ఖర్చులు వేరు. ఉద్యోగస్తుడు ఇంత తేలేడు. తేగలిగినవాడు కొత్త ఫ్లాటుకే పోతాడు. నాలుగు వీధుల అవతల బిల్డరు దగ్గర అమ్ముడుపోకుండా ఉన్న ఫ్లాట్లే ఈ అమ్మకందారుకు అసలు పోటీ సరుకు. బిల్డరు బోర్డు మీద రేటు తగ్గించడు, నిజమే. కాని కార్ పార్కింగు కలుపుతాడు, వంటగది కప్‌బోర్డులు కలుపుతాడు, లోపాయికారీగా రిజిస్ట్రేషను ఖర్చు తానే భరిస్తానంటాడు. బోర్డు రేటు చూసి తన ధర నిర్ణయించుకున్నవాడు మోసపోతాడు.

మందీలో మరో చిక్కు రిజిస్ట్రేషను శాఖ విలువలు. బజారు పడినంత మాత్రాన పుస్తకపు విలువ పడదు. తెలంగాణలో 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరోసారి వీటిని పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో సవరించారు. అమ్మిన ధరకన్నా పుస్తకపు విలువ నూటికి 10కి మించి ఎక్కువుంటే ఆదాయపు పన్ను శాఖ పుస్తకపు విలువనే అమ్మకపు ధరగా తీసుకుంటుంది. 73 లక్షలకు అమ్మిన ఫ్లాటుకు పుస్తకంలో 80 లక్షల 30 వేల దాకా ఉంటే బాధ లేదు. 82 ఉంటే అమ్మినవాడి నష్టం కాగితం మీద తగ్గిపోతుంది, కొన్నవాడికి 9 లక్షలు ఆదాయం కింద పడుతుంది. ఇది తెలియక బేరం కుదిరాక రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద విడిపోయినవారున్నారు. విలువ సరికాదనుకుంటే శాఖ మదింపు అధికారికి పంపమని కోరే హక్కు అమ్మకందారుకు ఉంది. ఒప్పందం నాటికే కొంత సొమ్ము బ్యాంకి ద్వారా చేతులు మారి ఉంటే ఆనాటి పుస్తకపు విలువను చూపించుకోవచ్చు. ఇక నిజంగా వచ్చిన దీర్ఘకాలిక నష్టాన్ని 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకుపోయి మరో స్థలం మీదో షేర్ల మీదో వచ్చే దీర్ఘకాలిక లాభంలో తగ్గించుకోవచ్చు. వ్యాపారికి ఇది చిన్న సంగతి కాదు, ఆడిటరును ముందే అడగాలి.

ఆగినవాడు బాగుపడలేదా అని రాజధాని ప్రాంతాన్ని చూపించేవారు ఉంటారు. వారి మాటలో నిజం ఉంది. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు ఎగబడి కొన్నవారు, 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చాక కొనేవాడు లేక అల్లాడారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2024 జూన్‌లో ప్రభుత్వ మార్పు తరువాత అదే నేలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఆ అయిదేళ్లు కాచుకున్నవారు సంతోషించారు. కాని ఎవరు కాచుకోగలిగారు? నేల మీద అప్పు లేనివారు. వడ్డీకి తెచ్చి ప్లాటు కొన్నవారు 2020లోనో 2021లోనో వచ్చినకాడికి ఇచ్చి బయటపడ్డారు. తేజీ వచ్చేసరికి వారి పేరు దస్తావేజులో లేదు. పైగా స్థలం వేరు, ఫ్లాటు వేరు. స్థలం అయిదేళ్లు ఎండకు ఎండినా స్థలమే. ఫ్లాటుకు లిఫ్టు పాతబడుతుంది, గోడ చెమ్మగిల్లుతుంది, నేలలో దాని వాటా కొద్ది గజాలు. నిరుటి మిర్చి లాగే ఏడాది గడిచేకొద్దీ రంగు తగ్గే సరుకు అది. 2024 పంటను కోల్డ్ స్టోరేజీలో ఆపి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యపు ధర క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించడం చూసిన స్టాకిస్టులకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఉండి ఇక్కడి ఫ్లాటు అమ్మేవారి లెక్క మరొక రకం. 2015లో డాలరు 65 రూపాయల పరిసరాల్లో ఉండేది, 2025లో 85 దాటింది. రూపాయల్లో కొన్న ధర వచ్చినా డాలర్లలో వారికి నష్టమే. ఆ నష్టాన్ని గుంటూరులో కొనేవాడు భర్తీ చేయాలని వారు కోరుకోవడమే విచిత్రం.

బ్రోకర్ల పాత్ర గురించీ ఒక మాట. తాళం చెవి తమ చేతికి రావాలని "తొంభైకి అవలీలగా పోతుంది" అనేవారు ఎప్పుడూ ఉంటారు. వీరిలో కొందరికి ఆ తొంభై ఫ్లాటు అమ్మాలని ఉండదు. దాన్ని ముందు చూపించి, అదే అంతస్తులోని 75 లక్షల ఫ్లాటు చవక అనిపించడానికి వాడుకుంటారు. అమ్మకందారు రోజూ తలుపు తీసి వచ్చినవారికి కాఫీ ఇస్తూ పొరుగువాడి సరుకు అమ్మిపెడుతున్నాడన్నమాట! బజారులో నిలదొక్కుకున్న బ్రోకరు మొదటి రోజే నిష్ఠూరమాడి 74 అని చెబుతాడు. అతని దగ్గరే చీటీలు తక్కువ, రిజిస్ట్రేషన్లు ఎక్కువ.

ధర తేల్చుకోవడానికి ఉపాయాలు లేకపోలేదు. అదే భవనంలో గత ఆరు నెలల్లో నిజంగా చేతులు మారిన ఫ్లాట్లు ఏవి, ఎంతకు అన్నది వాచ్‌మనుకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఈసీ తీస్తే రిజిస్టరైన అంకె దొరుకుతుంది, అయితే అందులో నగదు భాగం కనపడదని గుర్తుంచుకోవాలి. కొంత రుసుము చెల్లించి బ్యాంకులకు పనిచేసే మదింపుదారుచేతనే ముందు అంచనా వేయించుకుంటే కొనేవాడి బ్యాంకి ఏమనబోతోందో తెలిసిపోతుంది. ఆ అంకెకు నూటికి రెండు మూడు మించకుండా, బేరమాడే తృప్తి కొనేవాడికి మిగిలేటట్టు, మొదటే చెప్పాలి. లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, పన్ను రసీదులు ఒక ఫైలులో సిద్ధంగా ఉంటే మందీలోనూ ఒక లక్ష ఎక్కువ పెట్టేవారు దొరుకుతారు. మొదటి నెలలో వచ్చిన మొదటి గట్టి బేరాన్ని, అది ఎంత చేదుగా ఉన్నా, రాత్రికి రాత్రి తోసివేయకుండా వడ్డీ చిట్టా పక్కన పెట్టుకుని చూడాలి.

ఈ బజారుకూ ఒక సీజను ఉంది. దసరా నుంచి కార్తీకం ముగిసేవరకు కొనేవాడు ఇళ్లు చూస్తూ తిరుగుతాడు. ధనుర్మాసం పెట్టగానే ఆగిపోయి సంక్రాంతి దాటేదాకా బయానా మాట ఎత్తడు. కొత్త మిర్చి యార్డుకు దిగేదీ ఆ రోజుల్లోనే. ఇల్లమ్మిన సొమ్ము ఆ సరుకు మీద పెట్టదలచిన వ్యాపారికి కార్తీకంలోనే బయానా పడాలి.