తలుపు తేలికైతే చాలునా?

పందెపు కార్లకు ఉక్కు తలుపులు తీసేసి, గాజునారనో కార్బన్ నారనో రెసిన్‌తో కలిపి పోతపోసిన తేలిక తలుపులు బిగిస్తారు. వరంగల్లు వీధుల్లో తిరిగే కారుకూ అవే పెడితే పెట్రోలు ఆదా కదా అంటారేమో! నేను ఒప్పుకోను. పందెపు కారులో డ్రైవరు చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం ఉంటుంది. పక్కనుంచి గుద్దితే దెబ్బ కాసేది అదే. మామూలు కారులో ఆ పంజరం ఉండదు. తలుపు లోపల దాగిన ఉక్కు కడ్డీయే మీ పక్కటెముకలకు అడ్డు నిలవాలి. దాన్ని తీసేసి ఆదా చేసేదేమిటి?

ఈ లెక్క మన పెద్దలకు తెలుసు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. కింద బరువు మోసే స్తంభాలకు మాత్రం రాయే. ఈసారి వెళ్లినప్పుడు ఏది దేన్ని మోస్తున్నదో గమనించి రండి.