ఎడారి నక్కను మెచ్చుకోవాలా?

ప్రతి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి మా హాస్టల్ నుంచి గుంపుగా వెళ్తాం. కొనేది తక్కువ, తిరగేసేది ఎక్కువ. ఈసారి తెచ్చుకున్న ఒక పాత పుస్తకం మా మధ్య పెద్ద చర్చ పెట్టింది. అది ‘ఎడారి నక్క’గా పేరుపొందిన జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎర్విన్ రోమెల్ గురించి. "హిట్లర్ దుర్మార్గుడే, రోమెల్ మాత్రం అసలైన సైనికుడు" అన్నారు మాలో కొందరు. మిగతావారు ఒప్పుకోలేదు.

మెచ్చుకునేవారి మాటలో కొంత నిజం ఉంది. 1942 జూన్ 21న ఉత్తర ఆఫ్రికాలోని టోబ్రుక్‌ను పట్టుకుని రోమెల్ సుమారు 33 వేల మందిని బందీలుగా తీసుకున్నాడు. వారిలో భారతీయ సైనికులూ ఉన్నారు. బందీలను మర్యాదగా చూశాడన్న పేరు అతనికి ఉంది. హిట్లర్‌పై కుట్రలో భాగముందన్న అనుమానంతో 1944 అక్టోబర్ 14న అతనిచేత బలవంతంగా విషం మింగించారు. 1950లో అతని జీవిత చరిత్ర రాసి పేరు పెంచిన డెస్మండ్ యంగ్, బ్రిటిష్ ఇండియా సైన్యంలో బ్రిగేడియర్. ఆ ఎడారిలోనే జర్మన్లకు చిక్కినవాడు. శత్రువే పొగిడితే లోకం నమ్మదా?

కానీ రెండో వైపూ చూడాలి. 1942లో రోమెల్ ఈజిప్టులో ముందుకు సాగుతుండగా, అతని సైన్యం వెనుకే వెళ్లి యూదులను చంపడానికి వాల్టర్ రౌఫ్ అనే నాజీ అధికారి కింద ఒక దళాన్ని సిద్ధం చేశారు. ఎల్ అలమీన్‌లో రోమెల్ ఓడిపోవడంతో ఆ పథకం అక్కడ సాగలేదు. అతను గెలిచి ఉంటే ఆ గెలుపు ఎవరికి ఉపయోగపడేది? మా ప్రశ్న అదే.

రోమెల్ పుట్టిన హైడెన్‌హైమ్‌లో 1961లో అతనికి స్మారకశిల నిలిపారు. దాన్ని తీసేయకుండానే, 2020లో దాని ముందు మందుపాతరకు కాలు పోయిన మనిషి బొమ్మ పెట్టారు. ఆ పద్ధతి మాకు నచ్చింది.

మన డాక్టర్ అంబేద్కర్ 1943లో పూనాలో చేసిన ప్రసంగంలో వీరారాధన గురించి హెచ్చరించారు. 2024లో స్వరాజ్ మైదానంలో ఆవిష్కరించిన ఆయన 125 అడుగుల విగ్రహం ముందు నిలబడినప్పుడు ఆ హెచ్చరిక కూడా మనకు గుర్తు రావాలి.

పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం ఏమిటో మన తాతముత్తాతలు అనుభవించారు. నాజీలు చేసిందీ అదే, చంపేదాకా వెళ్లి. అందుకే తమ్ముళ్లారా, సేనాని నేర్పును చదవండి, తెలుసుకోండి. కానీ ఆ నేర్పు ఎవరి కోసం పనిచేసిందో అడగకుండా మాత్రం ఎవరినీ వీరుడనవద్దు.