ట్యాంకర్ ఎక్కడ ఆపాలి?

ఎండాకాలం వస్తే మా పొదిలిలో లెక్కలు రాని వాళ్లు కూడా దూరాలు కొలుస్తారు. నీళ్ల ట్యాంకర్ బజారుకు ఈ చివర ఆగితే ఆ చివరి వాళ్లకు కోపం, ఆ చివర ఆగితే వీళ్లకు కోపం. నిండు బిందె చంకన పెట్టుకుని నడిచే మనిషికి పది అడుగులు కూడా ఎక్కువే మరి! చివరికి ఒక పెద్దాయన "సరిగ్గా మధ్యలో ఆపండయ్యా" అంటాడు. తీరా చూస్తే ఆ మధ్యలో ఎవరిదో ఇంటి గేటు. గొడవ మళ్లీ మొదటికి.

మధ్యబిందువు ఒక్కటే, నిజమే. కానీ రెండు చివర్లకూ సమాన దూరంలో ఉండే చోట్లు లెక్కలేనన్ని ఉంటాయి. అవన్నీ ఒకే గీత మీద ఉంటాయి. స్కూల్లో లంబ సమద్విఖండన రేఖ అని చెప్పింది దాన్నే. పేరు చూసి పారిపోకండి. రెండు సమాన ముక్కలు చేస్తూ 90 డిగ్రీల్లో నిలబడే గీత, అంతే.

దాన్ని గీసేటప్పుడు కంపాస్‌ను 'సగం కంటే ఎక్కువ' తెరవాలని చెప్తారు. ఎందుకు ఎక్కువ అని క్లాసులో అడిగినవాళ్లు తక్కువ. ఖాళీ స్థలంలో 24 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి. ఒక్కో మేకుకు ఒక తాడు, రెండు తాళ్లూ ఒకే పొడవు. 10 మీటర్ల తాళ్లయితే కొసలు కలవనే కలవవు. 12 అయితే సరిగ్గా మధ్యలో ఒక్కచోట ముట్టుకుంటాయి. 13 అయితే బిగించి లాగినప్పుడు అటొక చోట, ఇటొక చోట కలుస్తాయి. ఆ రెండు చోట్లనూ కలిపితే మీ గీత వచ్చేసినట్టే. (యజ్ఞవేదికలు కట్టేవాళ్లు ఇలాగే చేసేవారు. రెండు కొయ్యలకు తాడు తగిలించి, మధ్యలో పట్టుకుని దక్షిణానికీ ఉత్తరానికీ లాగే పద్ధతి కాత్యాయన శుల్బసూత్రంలో ఉంది.)

ఇంకో సంగతి చూడండి. 13 మీటర్ల తాళ్లు కలిసిన చోటు మధ్యబిందువుకు 5 మీటర్లు పక్కన ఉంటుంది. పదింతలు చేసుకుంటే, 240 మీటర్ల బజారులో గేటు ముందు కాకుండా 50 మీటర్లు పక్కనున్న ఖాళీ జాగాలో ట్యాంకర్ ఆపొచ్చు. రెండు చివర్ల వాళ్లకూ పెరిగే నడక 10 మీటర్లే.

అయితే నేల మీద కాలవలుంటాయి, ప్రహరీలుంటాయి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ దగ్గర కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ ఈ చిక్కును బాగా పట్టుకున్నాడు. మన బోరింగుల్లాంటి పంపులే అక్కడా. బ్రాడ్ స్ట్రీట్ పంపుకూ, చుట్టూ ఉన్న మిగతా పంపులకూ సమాన దూరంలో ఉన్న చోట్లను కలుపుతూ మ్యాప్ మీద గీత గీశాడు. దూరాన్ని స్కేలుతో కాదు, వీధుల్లో నడిచే దారితో లెక్కపెట్టాడు. అందుకే అది వంకరటింకరగా వచ్చింది. మరణాలు ఆ గీత లోపలే గుంపుకట్టి కనిపించాయి. నన్నడిగితే మన ట్యాంకర్ లెక్క కూడా అలాగే, తాడుతో మొదలుపెట్టి అడుగులతో సరిచూసుకోవాలి.

మరి మూడు బజార్లకు ఒకే ట్యాంకర్ అయితే? రెండేసి బజార్లకు ఒక్కో గీత గీయండి. ఆ గీతలు కోసుకున్న చోటు మూడింటికీ సమాన దూరం. కాకపోతే మూడూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయనుకోండి, ఆ చోటు ఎక్కడో ఊరవతల చేలల్లో తేలుతుంది. అక్కడిదాకా బిందెతో ఎవరూ రారు.