గంటేగా!

హైదరాబాద్ నుంచి రాజమండ్రి ఎంతసేపు అని ఎవరడిగినా "ఫ్లైట్‌లో గంటేగా" అనేవాణ్ని. మొన్న నాన్నకి కంటి ఆపరేషన్. "రేపు మధ్యాహ్నం ఒంటిగంటకిరా" అని అమ్మ ముందురోజే ఫోన్ చేసింది. రాత్రికి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉండేవాణ్ని. గంటేగా అని 11 గంటల ఫ్లైట్ బుక్ చేశా.

లెక్క చూడండి. రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి. గాల్లో తిన్నగా 360 కిలోమీటర్లు, విజయవాడ మీదుగా రోడ్డైతే 430 దాకా. ఏటీఆర్ విమానం గంటకి సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. కాబట్టి ఆ గంట నిజమే. కానీ గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కి ముప్పావుగంట, చెకిన్, సెక్యూరిటీ కలిపి ముందే 2 గంటలు, దిగాక మధురపూడి నుంచి ఊళ్లోకి ఇంకో ముప్పావుగంట. దాదాపు నాలుగున్నర గంటలు! పైగా ఆరోజు ఫ్లైట్ 40 నిమిషాలు లేటు.

నేను ఆస్పత్రికి చేరేసరికి నాన్న కంటికి కట్టుతో పడుకుని ఉన్నారు. "గంటేగా అన్నావు, ఏ గంటరా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇకనుంచి టికెట్ మీద టైమ్ కాదు, గుమ్మం నుంచి గుమ్మానికి ఎంతో చూస్తా. మీరూ చూడండి.