త్యాగం ఎవరి వంతు?

ముత్యాల సుబ్బయ్య దర్శకత్వంలో 1996లో వచ్చిన ‘పవిత్ర బంధం’ చిత్రాన్ని టీవీలో వేసినప్పుడల్లా మన ఇళ్లలో స్త్రీలు కంటతడి పెడుతూనే ఉన్నారు. సౌందర్య 2004లో విమాన ప్రమాదంలో మరణించినా, ఆమె పోషించిన రాధ బెజవాడలోనూ బందరులోనూ నేటికీ ఇంటి మనిషే. ఇదే కథ 1999లో హిందీలోకి, 2000లో తమిళంలోకి వెళ్లి అక్కడా ఏడిపించింది.

కథ తెలిసిందే. పెళ్లి మీద నమ్మకం లేని శ్రీమంతుల బిడ్డ (వెంకటేష్) ఒక షరతు పెడతాడు. ఏడాది కాపురం చేసి చూస్తాడట, నచ్చకపోతే ఎవరి దారి వారిదట. ఇంటి అవసరాల కోసం రాధ ఒప్పుకుంటుంది. వంక పెట్టలేని ఇల్లాలిగా మెలుగుతుంది. అతడు గాయపడి మంచం పడితే ఆమే సేవ చేస్తుంది. అయినా గడువు తీరగానే అతడు వదిలేస్తాడు. ఆమె వెళ్లిపోయాక గానీ అతడి కళ్లు తెరుచుకోవు.

అందరూ రాధ ఓర్పును మెచ్చుకుంటారు. మేము అడిగేది వేరు. ఆ షరతు ఒక్కరే ఎందుకు పెట్టారు? ఏడాది తరువాత ‘నువ్వే నాకు నచ్చలేదు’ అనే అవకాశం ఆమెకు ఎవరైనా ఇచ్చారా? పరీక్ష పెట్టింది అతడు, రాసింది ఆమె. ఆమె సహనాన్ని పొగిడే సందడిలో ఈ అన్యాయం మరుగున పడిపోతోంది.

అతడు తిరిగి రమ్మన్నప్పుడు రాధ కాదంటుంది. చిత్రంలో మాకు నచ్చిన ఘట్టం అదే. కానీ ఆమె ఎప్పుడు మెత్తబడుతుందా అనే అందరి ఎదురుచూపూ! హజ్రత్ బరీరా (రజి) ఉదంతం ఇక్కడ గుర్తుకు వస్తుంది. బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఆమెకు, భర్త ముగీస్‌తో ఉండాలో వద్దో నిర్ణయించుకునే హక్కు లభించింది. ఆమె వద్దనుకున్నారు. ఆయన మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరిగేవారు. జాలిపడిన దైవప్రవక్త (స) ఆయన తరఫున ఆమెతో మాట్లాడారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు ప్రవక్త (స). అయితే తనకు ఆయన అక్కర లేదన్నారామె. అంతటితో ఆ విషయం ముగిసింది. బుఖారీ గ్రంథంలో ఉన్న సంగతే ఇది. మరి ఇలాంటి హదీసు మన పెళ్లి ప్రసంగాల్లో ఎందుకు వినబడదో!

‘ఇది సినిమా, పైగా మన కథ కాదు’ అని తప్పించుకునే వీలు లేదు. గడువు పెట్టిన నికాహ్ చెల్లదని సున్నీ ధర్మవేత్తలు ఏనాడో తేల్చారు. కనుక రాధకు జరిగిన పెళ్లి మనలో జరగదు. రాధకు పట్టిన గతి మాత్రం పడుతూనే ఉంది. నికాహ్ కూడా ఒప్పందమే. అందులో వధువు అంగీకారం తప్పనిసరి. మహర్ ఆమె సొంతం. ఆమె తరఫున షరతులు రాయించవచ్చు. తఫ్వీజ్ ద్వారా తలాక్ అధికారాన్ని సైతం ఆమెకు అప్పగించవచ్చు. ఎన్ని నికాహ్‌నామాల్లో ఇవి రాయిస్తున్నాం? కట్నం దగ్గర రాత్రంతా బేరమాడే పెద్దలు మహర్ దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒకటి రాయండి మౌల్వీ సాబ్’ అంటారు.

ఉర్దూలో వెంటనే చెల్లించే మహర్‌కూ, తరువాత ఎప్పుడో చెల్లించే మహర్‌కూ ఒక్క అక్షరమే తేడా. ఒకదానిలో ఐన్, మరొకదానిలో హమ్జా. మన నోట రెండూ ‘ముఅజ్జల్’ అనే పలుకుతాయి. పెళ్లికొడుకులకు ఇది బాగా కలిసివచ్చింది.

ఆ ‘ఎప్పుడో’ చాలా ఇళ్లలో జనాజా దగ్గరే వస్తుంది. మయ్యత్ ముందు కూర్చోబెట్టి, ‘మాఫ్ చేశానని చెప్పమ్మా’ అని చుట్టూ ఉన్న ఆడవాళ్లు తొందర పెడతారు. గుండె పగిలిన ఆ తల్లి ఏమంటుంది? తలూపుతుంది. స్త్రీ మనసారా, సంతోషంగా వదులుకుంటేనే భర్త తీసుకోవచ్చునని నిసా సూరా 4వ ఆయత్ స్పష్టం చేస్తోంది. ఆ ఏడుపులో సంతోషం ఎక్కడుంది? 1920లో ఇలాంటి తగాదా కలకత్తా హైకోర్టుకు వెళితే, భర్త మరణ దుఃఖంలో ఉన్న స్త్రీ చేసిన మాఫీకి ఆమె కట్టుబడనక్కర లేదని న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. కనుక ఆ బాకీ అలాగే నిలిచి ఉంటుంది. వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే దానిని తీర్చాలి.