‘ఉప్పు తగినంత’ అంటే ఏజెంట్‌కి ఎంత?

మా ఏఐ ఏజెంట్ వాడే టూళ్లకి డాక్యుమెంటేషన్ రాయడానికి రెండు వారాలు కావాలని మొన్న మీటింగ్‌లో అడిగాను. ఎదురుగా కూర్చున్న ఆర్కిటెక్ట్ నవ్వేశాడు. “ఇంకా ఏ కాలంలో ఉన్నారండీ? ఏజెంట్‌కి మనకంటే తెలివెక్కువ. టూల్ చేతికిస్తే అదే అర్థం చేసుకుంటుంది.” గదిలో అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఎలా అర్థం చేసుకుంటుంది? 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అందరూ ఎంసీపీ అంటున్నదే, ఒక్కసారి తెరిచి చూడమనండి. టూల్ గురించి మోడల్ ముందుకు వెళ్లేవి ముఖ్యంగా మూడు: పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే స్కీమా. కోడ్ వెళ్లదు. అది ఎక్కడో సర్వర్లో ఉంటుంది. టూల్‌ని పిలిచే ముందు ఏజెంట్‌కి ఉన్న ఆధారమంతా మనం రాసిన ఆ నాలుగు మాటలే. అవి రాయడానికి బద్ధకించి, తెలివి భారమంతా దాని మీద వేస్తున్నాం.

మా దగ్గర జరిగిందే చెబుతాను. ‘అప్‌డేట్ కస్టమర్’ అని ఒక టూల్ ఉంది. దానికి రాసిన వివరణ: “కస్టమర్‌ను అప్‌డేట్ చేస్తుంది.” పేరులో ఉన్నదే మళ్లీ చెప్పారు. చెప్పాల్సిన సంగతి వేరే ఉంది: పంపిన ఫీల్డుల్ని రాసుకుంటుంది, పంపనివాటిని ఖాళీ చేసేస్తుంది. ఒక కస్టమర్ ఫోన్ నంబరు మారిందన్నాడు. ఏజెంట్ ఐడీ, కొత్త నంబరు పంపింది. చిరునామా పోయింది, జీఎస్‌టీ నంబరు పోయింది. జవాబు మాత్రం ‘సక్సెస్’ అని వచ్చింది. సాయంత్రానికి ముప్పై ఏడు రికార్డులు అలాగే పోయాయి. బ్యాకప్‌లోంచి తెచ్చి సరిచేసేసరికి తెల్లారింది. పొద్దున్నే అందరి నోటా ఒకటే మాట: “ఏఐ తప్పు చేసింది.”

ఏఐది కాదు తప్పు. మొత్తం మార్చడానికి ‘పుట్’, కొంత మార్చడానికి ‘ప్యాచ్’ అని వెబ్ ప్రమాణాల్లోనే తేడా ఉంది. ప్యాచ్‌కి 2010లోనే ప్రత్యేకంగా ప్రమాణం రాశారు. మా టూల్ పుట్ లాంటిదని టీమ్‌లో ఒక సీనియర్‌కి తెలుసు. ఆయనకి తెలుసు కాబట్టి ఎవరూ రాయలేదు!

నా అసలు కోపం ఇక్కడే. “ఆయన్ని అడుగు” అన్న మాట మీద మన ఆఫీసులు దశాబ్దాలుగా బతుకుతున్నాయి. నేను ఫ్రెషర్‌గా చేరినప్పుడు ఏ స్క్రిప్టు ఎప్పుడు నడపకూడదో టీ బంకు దగ్గర నిలబడి నేర్చుకున్నాను. అడగడానికి మొహమాటపడిన నా తోటి అమ్మాయి నేర్చుకోలేకపోయింది. అందరూ ఆమెనే మందకొడి అన్నారు. తెలిసింది కాగితం మీద పెడితే తన విలువ తగ్గుతుందని భయపడేవాళ్లని ఎందరినో చూశాను. వాళ్లని పోషించిన మేనేజర్లనీ చూశాను. ఏజెంట్ టీ బంకు దగ్గరికి రాదు. దానికి ఆయనెవరో తెలియదు. తెలియనిచోట చాలాసార్లు అడగకుండానే ఊహించి ముందుకెళ్లిపోతుంది.

పత్రికల్లో వంటల శీర్షికలో ‘ఉప్పు తగినంత’ అని రాస్తారు. ఇరవై ఏళ్లుగా వండుతున్న చేతికి ఆ మాట చాలు. పొయ్యి ముఖం చూడనివాడికి అది సూచనే కాదు. మన టూళ్ల వివరణలన్నీ ఈ ‘తగినంత’ బాపతే. ‘తేదీ ఇవ్వండి’ అంటారు. 03/04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా?

ఇలా ‘తగినంత’తో సరిపెట్టనివాళ్లూ ఉన్నారు. 1971 నవంబరులో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ వచ్చింది, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ పేర్లతో. దాంట్లో కమాండ్ల పేజీల్లో ‘బగ్స్’ అని ఒక శీర్షిక, ‘ఓనర్’ అని ఇంకొకటి. ఈ కమాండ్ ఎక్కడ దెబ్బతీస్తుందో, ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలో వాళ్లే రాసిపెట్టారు. తన పనిలో లోపాన్ని తన చేత్తో రాసిపెట్టడానికి ఎంత నిజాయితీ కావాలి! నాకు ఆ పేజీలంటే ప్రాణం.

మా ఆఫీసులో మాత్రం డాక్యుమెంటేషన్ కూడా ఏఐ చేతే రాయిస్తామంటున్నారు. కోడ్ చూసి రాసింది కోడ్‌లో ఉన్నదే చెబుతుంది. అకౌంట్స్‌వాళ్లు నెల లెక్క మూశాక రిఫండ్ కొట్టకూడదన్న సంగతి మా కోడ్‌లో ఎక్కడా లేదు. వివరణ పొడవైతే టోకెన్లు ఖర్చవుతాయట. ముప్పై ఏడు రికార్డుల ఖర్చు ముందు అదెంత?

మరి ఏం చేయాలంటే నా దగ్గర పెద్ద ప్రణాళిక లేదు. ఆ సీనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క టూల్ వివరణ మళ్లీ రాశాను: “పంపని ఫీల్డులు ఖాళీ అవుతాయి. ముందు పూర్తి రికార్డు తెచ్చుకుని, కావలసింది మార్చి, మొత్తం తిరిగి పంపాలి. తేదీ: సంవత్సరం-నెల-రోజు. ఈ మార్పును వెనక్కి తీసుకునే టూల్ లేదు.” ఇరవై నిమిషాలు పట్టింది. రాస్తుండగా ఆయనే ఇంకో రెండు సంగతులు గుర్తు తెచ్చుకున్నాడు, అవీ చేర్చాం. ఇలాంటి టూళ్లు మా సర్వర్లో ఇంకా అరవై పైన ఉన్నాయి. ఆ సీనియర్ వచ్చే నెల వేరే కంపెనీకి వెళ్లిపోతున్నాడు. నేనడిగిన రెండు వారాలు ఇంకా ఇవ్వలేదు.