రాణిచీమ సీసా గురించి నా మాట



మూడో గదిలో నా ట్రంకుపెట్టె వెనక ఉన్న సీసా గురించి హాస్టలు రెండు పార్టీలయింది. భోజనాల వరుసలో కూడా అదే గొడవ. తలా ఒక మాట అంటున్నారు కాబట్టి నా అభిప్రాయం గోడమీదనే పెడుతున్నాను. పూర్తిగా చదివి, ఆ తర్వాత తిట్టండి.

ముందు జరిగింది చెప్తా. బడి తెరిచిన వారానికి వాన పడింది గదా. మర్నాడు పొద్దుగూకినాక వరండా లైటు కింద రెక్కల పురుగులు కుప్పగా రాలినాయి. మనోళ్లు ఎగబడి పన్నెండు సీసాల్లో పట్టినారు. అందులో ఎనిమిది సీసాల్లో ఉన్నవి అసలు చీమలే కావు, ఉసిళ్లు! గూడెంలో వేయించుకొని తిన్నవాళ్లం, మనమే పోల్చుకోలేకపోతే ఎట్టా? ఉసిలికి నడుం సన్నంగా ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే కొలత, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకు నడుం సన్నం, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి, మీసం మోచెయ్యి మాదిరి వంగి ఉంటుంది. ఉసిళ్లు చెదల జాతి. వాటిలో రాజు కూడా రాణితోపాటే పుట్టలో ఉంటాడు. చీమల్లో మగది జతకట్టినాక ఎక్కువకాలం బతకదు. తర్వాత పనంతా రాణి ఒక్కదానిదే.

చీమలున్న నాలుగు సీసాల్లో ఒకటి ఆ రాత్రే చచ్చింది. మూడు మిగిలినాయి, నల్ల గండుచీమ రాణులు. సైన్సు సారు చెప్పినట్టు సీసాలో కొంచెం నీళ్లు పోసి దూది బిగించి, రాణిని వదిలి, మూతికి మళ్లీ దూది పెట్టినాం. చీకటి కోసం మార్కాపురం పలక విరిగింది ఒకటి అడ్డం పెట్టినాం.

ఇక్కడ మొదలైంది అసలు కష్టం. ఏమీ జరగదు. రాణి కదలదు, తినదు. మనోళ్లకు ఓపిక ఎక్కడిది? రెండో సీసాను రోజూ స్టడీ అవర్లో తీసి లైటు కింద తిప్పినారు. ఒకరు చక్కెర వేసినారు, ఇంకొకరు ఉప్మా వేసినారు (ఉప్మా మనమే తినం, చీమ తింటుందా?). బూజు పట్టింది. గుడ్లు పెట్టింది గానీ, పెట్టిన గుడ్లు తనే తినేసింది. కుదురు లేకుండా చేస్తే రాణి అట్టాగే చేస్తుందని సారు చెప్పినాడు. కాబట్టి "మన రాణి చెడ్డది" అని పోయిన వారం ఇదే గోడమీద రాసినవాళ్లు ఆ మాట కొట్టెయ్యాలి. అది చెడ్డది కాదు.

మట్టిలో కూడా రాణి ఇట్టాగే ఉంటుంది. రెక్కలు రాల్చేసుకొని, చిన్న గుంత తవ్వి, లోపలి నుంచి మూసేసుకుంటుంది. రెక్కలు ఆడించిన కండ ఇంక అక్కరలేదు. ఆ కండా, ఒంట్లో దాచుకున్న కొవ్వూ కరిగించుకొని, దాంతోనే మొదటి కాన్పు పిల్లలకు నోటితో తిండి పెడుతుంది. నెల దాటుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. మొదట వచ్చే కూలిచీమలు బక్కగా, చిన్నగా ఉంటాయి. బయటికిపోయి తిండి తెచ్చేది అవే. ఒకసారి నిలబడితే మాత్రం రాణి మనకంటే పెద్దదవుతుంది! ఇంగ్లండులో జాన్ లబ్బాక్ అనే ఆయన 1874లో తెచ్చుకున్న రాణిచీమ ఆయన దగ్గర 1888 దాకా బతికింది.

ఇప్పుడు మూడో సీసా సంగతి. ఐదో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడు ఒకడు, మనం ఆటలకు పోయినప్పుడు, దూది పీకి రాణిని వేపచెట్టు కింద వదిలేసినాడు. ఎందుకు చేశావురా అంటే, "దానికి ఇల్లు లేదా అన్నా?" అన్నాడు. అప్పటినుంచి గదిలో ఎవరూ వాడితో మాట్లాడటం లేదు. వాడి పక్కన పక్క పరవటం లేదు. రాత్రిపూట వాడు ఏడవటం నేను విన్నాను. మీరూ వినే ఉంటారు.

గదిలో పెద్దవాళ్ల వాదన ఏమిటంటే, బయట కాకి, తొండ, కప్ప కాచుకొని ఉంటాయి, వందల రాణుల్లో ఏ ఒక్కటో నిలబడుతుంది, కాబట్టి సీసాలో పెట్టి మనం కాపాడుతున్నాం అని. ఇది సగం నిజం. ఒక సీసాకైతే ఒప్పుకుంటా. పన్నెండు సీసాలు ఎందుకు? కాపాడటానికా, లెక్క చెప్పుకోటానికా? మా నాయన తేనె తీస్తే పట్టు మొత్తం కొయ్యడు, కొంత వదిలేసి దిగుతాడు. 2025లో కెన్యా దేశంలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు దొరికినారు. వయసు పంతొమ్మిదేళ్లు. వాళ్ల దగ్గర 5,000 దాకా రాణిచీమలు, రెండువేలకు పైగా గాజుగొట్టాల్లో, మన మాదిరే దూది పెట్టి. కోర్టు పది లక్షల షిల్లింగులు జరిమానా వేసింది. చీమకు ఇంత శిక్షా అని నవ్వినారు మీరు. ఒక రాణిని తీస్తే ఒక పుట్ట మొత్తాన్ని తీసినట్టే గదా.

తమ్ముడు అడగకుండా తియ్యటం తప్పే. అది నేను వాడికే చెప్పినాను. కానీ వాడి ప్రశ్నకు మనం జవాబు చెప్పలేదు, మాట్లాడటం మానేసినాం. మట్టిలో రాణి తలుపు తనే వేసుకుంటుంది, ఆ తలుపు తెరిచేది దాని పిల్లలే. సీసాలో దూది మనది. వాడికి కనిపించిన తేడా ఇదే.

మొదటి సీసా ఒక్కటే బాగుంది. ఈరోజుకు ముప్పైనాలుగు రోజులు. మూడు గూళ్లు కట్టినాయి, లేత గోధుమరంగు, బియ్యపుగింజల మాదిరి. వార్డెన్ సారుకు మనవి: శనివారం గదుల శుభ్రం అప్పుడు పలకముక్క వెనక సీసాను చెత్త అనుకొని పారెయ్యవద్దు. ఇంకో నెల చాలు. గిద్దలూరు దిక్కు అన్నలకు కూడా మనవి, ఆదివారం సాయంత్రం ఒక్కసారే చూద్దాం, టార్చి వద్దు.

కూలిచీమలు బయటికొచ్చినాక సీసాను వేపచెట్టు కింద పెట్టి దూది తీద్దాం. తీసేది ఆ తమ్ముడు. ఇష్టం లేనివాళ్లు దీని కిందనే రాయండి, పేరు పెట్టి రాయండి. ఈ రాత్రికి వాడి పక్క నా పక్కన వేయిస్తున్నా.